పల్లెపాలెంలో నలభై ఒక్క పేర్లు

రేపల్లె చేపల బజారులో కోటమ్మ ఆ మాట మామూలుగానే అంది. చందువాల మీద నీళ్ళు చిలకరిస్తూ, గొంతు కాస్త తగ్గించి, "ఓ వారం దాకా మా పాలెం రాకు తోమాసన్నా. మా పక్కింటి పేరంటాలు కొడుక్కి అమ్మవారు పోసింది," అంది.

తోమాసు చేపల మీంచి చెయ్యి తీసేశాడు.

"ఎన్నాళ్ళయింది? పొక్కులు పెద్దవా, చిన్నవా?"

"మూడు రోజులనుకుంటా. నేనెక్కడ చూశాను? గుమ్మానికి వేపమండలు కట్టారు, ఎవర్నీ గడప తొక్కనివ్వట్లేదు. నాలుగేళ్ళ పిల్లోడన్నా, పాపం."

తోమాసు చేపలు తీసుకోకుండానే సైకిలెక్కాడు.

పద్దెనిమిదేళ్ళుగా అతను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసే ఉద్యోగి. అది 1974 వేసవి. బీహారులో మశూచికి జనం పిట్టల్లా రాలిపోతున్నారని పేపర్లు రాస్తున్నాయి. జ్వరంతో పాటు ఒంటి మీద పొక్కులు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలని, డాక్టరు స్వయంగా వెళ్ళి చూడాలని పైనుంచి ఉత్తర్వులున్నాయి. చెప్పడానికి తోమాసుకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా దాని వెనకున్న మాటతోనే.

కిందటి మార్గశిరంలో కోటమ్మ వాళ్ళ పల్లెపాలెం టీకాలు అతని వంతు. ఏటి ఒడ్డుకు వెళ్ళేసరికి ఈదురుగాలి, ముసురు. అవతలికి పడవ లేదు. గంటసేపు తడుస్తూ నిలబడ్డాడు. మర్నాడు తనిఖీకి పై అధికారి వస్తున్నాడు. ఇంటికొచ్చి, పాత జాబితా ముందు పెట్టుకుని, నలభై ఒక్క పేర్లూ పుస్తకంలోకి ఎక్కించేశాడు. అందరికీ వేసినట్టే. గాలి తగ్గాక వెళ్ళి వేద్దామనుకున్నాడు. వెళ్ళలేదు.

ఆరోగ్య కేంద్రం దాకా ఆరు మైళ్ళూ తొక్కుతూ ఒకటే ఆలోచన. పొక్కుల సంగతి ఒక్కటే చెబితే డాక్టరు పుస్తకం తెరుస్తుంది. పాలెమంతా టీకాలయ్యాయి కదా అని ధీమాగా ఉంటుంది. ఆ ధీమాలోనే పది ఇళ్ళకు పాకితే?

డాక్టరు వసుంధరది తెనాలి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది, ముప్ఫయ్యేళ్ళు నిండలేదు. తోమాసు లోపలికి వెళ్ళేసరికి ఓ ముసలాయన గుండె పరీక్షిస్తోంది. ఆయన్ని పంపించేదాకా ఆగి, విన్నదంతా చెప్పాడు. ఆమె అనుకున్నట్టే పుస్తకం అందుకుంది.

"అది చూడకండమ్మా," అన్నాడు తోమాసు. "అందులో రాసింది అబద్ధం. నేను ఏరు దాటలేదు. ఒక్కరికీ వెయ్యలేదండి."

వసుంధర పుస్తకం మూసేసింది.

"ఇంకెక్కడైనా ఇలా రాశారా?"

"లేదండి. ఆ ఒక్క పాలెమే."

"సరే. జీపు తియ్యమనండి. మందు ఎన్ని సీసాలుందో చూడండి. నర్సు కుమారిని కూడా రమ్మనండి." తిట్టినా బాగుండేదనిపించింది తోమాసుకు.

జీపు ఏటి దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి పడవ. పేరంటాలు ఇంటి గుమ్మంలో అత్తగారు పున్నమ్మ అడ్డంగా నిలబడింది.

"అమ్మవారున్న ఇంట్లోకి సూదులు తేకూడదు డాక్టరమ్మా."

"తేనమ్మా. పెట్టె ఇక్కడే ఉంటుంది. పిల్లోణ్ణి కళ్ళతో చూసి వచ్చేస్తాను," అంటూ వసుంధర చెప్పులు విడిచి, తనే చెంబు అందుకుని కాళ్ళు కడుక్కుంది. పున్నమ్మ పక్కకు జరిగింది.

పిల్లవాడు వేపాకుల మీద పడుకుని ఉన్నాడు. వసుంధర పొట్ట చూసింది, బోర్లా తిప్పి వీపు చూసింది. అరిచేతులు విప్పించింది. అరికాళ్ళు ఒత్తి చూసింది. గుమ్మం బయట తోమాసు నిలుచున్నాడు.

"ఇవన్నీ ఒక్కసారే లేచాయా పేరంటాలూ?"

"లేదమ్మా. మొన్నటివి ఎండుతున్నై. ఇదిగో, ఈ నాలుగూ ఇయ్యాల పొద్దున లేచినయ్."

వసుంధర తలెత్తింది. ముఖం విచ్చుకుంది.

"ఆటలమ్మ! తోమాసుగారూ, ఆటలమ్మే. వచ్చి చూడండి. వీపు నిండా ఉన్నాయి, ముఖాన ఓ పది. అరిచేతుల్లో ఒక్కటీ లేదు. మశూచి ఇలా ఉండదు. అయినా రెండు పెచ్చులు లాబొరేటరీకి పంపిద్దాం."

తోమాసు వచ్చి చూడలేదు. అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుండుతో ముఖమంతా గట్టిగా తుడుచుకున్నాడు.

పాలెం జనం అక్కడికి చేరారు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. తోమాసు లేచి నిలబడి, కిందటి చలికాలం తను రాకుండానే వచ్చినట్టు రాసుకున్నానని వాళ్ళ ముందే ఒప్పుకున్నాడు.

"నువ్వు రాలేదని మాకు తెలీదా ఏంటి?" అంది పున్నమ్మ. "ఆ గాలికి ఎట్టాగూ వేటకి పోలేదు. నువ్వొస్తావని పిల్లల్ని కూచోబెట్టుకుని మధ్యాహ్నం దాకా చూశాం."

తను రానందుకు వీళ్ళు సంతోషించి ఉంటారని అన్నాళ్ళూ అతను సర్దిచెప్పుకున్నాడు. తల దించుకుని, "ఇప్పుడు వేస్తాను పిన్నమ్మా. వేయించుకుంటారా?" అని అడిగాడు.

"అమ్మవారున్న ఇల్లు వదిలెయ్. మిగతా ఇళ్ళు చూసుకో. మా ఇంటికి పిల్లోడికి నీళ్ళు పోశాక రా."

కుమారి పెట్టె తెరిచింది. తోమాసు రెండు మొనల సూదితో ఒక్కో భుజం మీదా పదిహేనేసి పోట్లు పొడుస్తూ, ఒక్కో పేరూ అడిగి రాస్తూ పోయాడు. కొత్త కోడళ్ళు, పొత్తిళ్ళలో పిల్లలు కలిసి ఆ ఇల్లు కాకుండానే నలభై నలుగురు తేలారు.

తిరిగొచ్చేటప్పుడు పడవలో వసుంధర అంది: "రేపు మీకు మెమో ఇస్తాను తోమాసుగారూ."

"ఇవ్వండమ్మా."

"నాతో చెప్పినట్టే జవాబు రాయండి. ఉన్నదున్నట్టు. మీరే వచ్చి చెప్పారని నేనూ రాస్తాను. ఉద్యోగానికేం ఫరవాలేదు."

ఇంటికెళ్ళాక తోమాసు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. "ఏంటివాళ ఇంత ఆకలి?" అంది భార్య విజయమ్మ. అప్పుడు కంచం ముందు కూర్చునే ఆమెకు అంతా చెప్పాడు.

తొమ్మిదో రోజున పున్నమ్మ కబురంపింది, పిల్లాడికి నీళ్ళు పోశామని. లాబొరేటరీ నుంచి కాగితం ఇంకా రాలేదు. అయినా తోమాసు దాని కోసం ఆగకుండా, పెట్టె సైకిలుకు కట్టుకుని ఏటివైపు బయల్దేరాడు.