ఉరుకుంద రాసినారు

శేషన్న కుడికాలితో కర్ర తొక్కి తాడు లాగాడు. నూలు కండె ఉన్న నాడె పడుగు దారాల మధ్య నుంచి అటు దూకింది. ఎడమకాలితో తొక్కి మళ్ళీ లాగాడు. ఇటు దూకింది. నడుము దాకా మగ్గం గుంతలో, ఆ పైన వెలుతురులో కూర్చుని నేయడం చిన్నప్పుడే బడి మాని నేర్చుకున్నాడు. ఏళ్ళ తరబడి తాడు లాగీ లాగీ కుడిభుజం కాస్త కిందికి దిగింది. చొక్కా కొలతలకు వెళ్తే దర్జీ ప్రతిసారీ నిటారుగా నిలబడమంటాడు. శేషన్న నిటారుగానే నిలబడి ఉంటాడు.

గోడవారగా రాట్నం ముందు పార్వతమ్మ కండెలు చుడుతోంది. కిటికీ ఎండలో దూదిపోగులు తేలుతున్నాయి. ఒకటి మెల్లగా వచ్చి ఆమె ముక్కుపుడక మీద వాలింది. ఎంత బాగుందో అనుకున్నాడు శేషన్న. అనుకున్నాడే గానీ అనలేదు. మగ్గం చప్పుడులో మాటలు వినపడవని పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరికీ అర్థమైపోయింది. తర్వాత మగ్గం ఆగినప్పుడు కూడా అదే అలవాటయింది.

అప్పుడామె నవ్వింది. అతన్ని చూసి కాదు. బియ్యం డబ్బాకు ఆనించి పెట్టిన ఫోనును చూసి.

శేషన్న మగ్గం ఆపాడు. "మళ్ళా అదేనా?"

"మొన్న ఉరుకుంద రాసినారు కదా, అదే మళ్ళా సదువుకుంటాండా. ఇంటావా?"

రాసినారు! ఆ మాట అతనికి నాడె మొనలా గుచ్చుకుంది. ఉరుకుంద ఈరన్నస్వామి పేరు పెట్టుకున్న మగవాళ్ళు ఎమ్మిగనూరులో వీధికొకరు ఉంటారు. పాలు పోసేవాడు ఉరుకుంద, పంక్చర్లు వేసేవాడు ఉరుకుంద. వాళ్ళను వాడూ వీడూ అనే పార్వతమ్మ, ముఖమైనా చూడని ఈ ఒక్కడికి మాత్రం 'రాసినారు', 'అన్నారు' అంటుంది. కట్టుకున్నవాడికి నువ్వు.

ఇదంతా ఉగాదికి వచ్చిన కూతురు మమత చేసిన పని. ఫోనులో ఆ బ్లాగు చూపించి పోయింది. ఎవరో మనసుకు తోచింది రాసి పెడతారట, ఎవరైనా చదువుకోవచ్చట. పదో తరగతి పాసై ఈ ఇంటికి వచ్చిన పార్వతమ్మ, గోడ మీది క్యాలెండరు తప్ప ఏదీ చదవగా అతను చూడలేదు. ఇప్పుడు బియ్యం ఏరుతూ చదువుతుంది. చారు మరుగుతుంటే చదువుతుంది.

"సదువుతా, ఇను," అని ఆమె గొంతు సవరించుకుంది. "నా టీ గ్లాసుకు అడుగున సొట్ట ఉంది. గడప మీద పెడితే ఒక పక్కకు ఒరుగుతుంది. కొత్తది కొనుక్కోమంటారు ఇంట్లో. కొనను. అది ఎప్పుడూ నా వైపే ఒరుగుతుంది."

"సొట్ట గ్లాసు మీద రాసేదానికి ఒకరు, సదివేదానికి నువ్వు! అది సదివితే కండె నిండుతాదా?"

"నిండుతానే ఉండాది కదప్పా, సూడు. సేతులు నీ పనికి, కండ్లు నా పనికి." ఆమె రాట్నం తిప్పడం ఆపలేదు. "నువ్వు మగ్గం దిగి బసన్న టీ బంకుకాడ కూసోని ఊరోళ్ళ మాటలన్నీ ఇని వస్తావు. నేనేమన్నా అంటినా? ఇది నా టీ బంకు."

శేషన్న మళ్ళీ కర్ర తొక్కాడు.

"కింద మనం గూడా ఒక మాట రాయొచ్చంట. ఎన్నాళ్ళ నుంచో అనుకుంటాండా. ఏం రాయాల్నో కుదరడంల్యా," అందామె, తనలో తాను అన్నట్టు.

అతను తాడు గట్టిగా లాగాడు. దారం పుటుక్కున తెగింది.

నేసిన దుప్పట్లు ఆదోని కొట్టుకు ఇచ్చిరావాల్సిన రోజది. మూట కట్టుకుని, చెప్పులు వేసుకుని, మళ్ళీ లోపలికి వచ్చి ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. ఇంటికంతా ఉన్నది ఆ ఒక్క ఫోనే.

"అదేందప్పా, ఎప్పుడూ తీస్కపోవు కదా?"

"కొట్టాయన ఫోన్ సేస్తే ఎట్ల?"

"నేను రాయాలనుకుంటి కదప్పా ఈపొద్దు..."

"రేపు రాద్దువులే."

బస్సెక్కే ముందు బంకు దగ్గర ఆగాడు. బసన్న టీ వడపోస్తున్నాడు.

"బ్లాగంటే ఏంది బసన్నా?"

"పనిలేనోడు రాస్తాడు, పనిలేనోడు సదువుతాడు. ఏం శేషన్నా, నువ్వు గాని రాస్తాండావా?"

"మీ వదిన సదువుతాంది."

"ఎవురిది?"

"ఎవుడో ఉరుకుందంట."

"అట్లయితే నీకు పోటీ వచ్చినాడన్న మాట!" బసన్న నవ్వాడు. బెంచీ మీదివాళ్ళందరూ నవ్వారు. శేషన్న కూడా నవ్వాడు గానీ టీ సగంలో వదిలేసి లేచాడు.

బస్సులో జేబులోంచి టింగుమని చప్పుడైంది. తీసి చూశాడు. పైన పెద్ద అక్షరాల్లో ఉరుకుంద. కింద చిన్న అక్షరాలు, చీమల్లా. వాటిని చదవాలంటే కళ్ళజోడు కావాలి. చదవాలనీ అనిపించలేదు. పక్క బొత్తాం అదిమి, తెర నల్లబడే దాకా పట్టుకున్నాడు. వాడెవడినో నడిదారిలో బస్సు దించేసినంత హాయిగా అనిపించింది. కిటికీ అవతల పత్తిచేలు ఆ రోజెందుకో కొత్తగా, అందంగా కనబడ్డాయి.

ఆదోనిలో దుప్పట్లు ఇచ్చేసి, బస్టాండు దగ్గర కనకాంబరాలు కొన్నాడు. పూలు కొని ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. తిరుగుబస్సులో ఒక మాట తయారు చేసుకున్నాడు. పొద్దున నీ ముక్కుపుడక మీద దూదిపోగు వాలింది, బలే ఉండె. సొట్ట గ్లాసు కంటే ఇది మేలు కాదా? పెదాలు కదుపుతూ దారి పొడవునా అనుకుంటూనే వచ్చాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరి పొట్లం చాచాడు. పార్వతమ్మ పొట్లం అందుకుని రాట్నం మీద పెట్టి, మళ్ళీ చెయ్యి చాచింది. "ఫోను?"

అతని మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆమె ఫోను వెలిగించి చదవడం మొదలుపెట్టింది. వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఏమైంది?"

"పొద్దున పెట్టినారు ఇది," అంది. పైకి చదివింది. "అమ్మకు బాగాలేదు. ఆదోని ఆసుపత్రిలో ఉంది. మీరు ఇక్కడ రాసే మాటలు పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. ఈ ఒక్కరోజు అందరూ రాయండి." తెరను వేలితో జరిపింది. "ఇది ఇప్పుడు పెట్టినారు. మా అమ్మ ఉరుకుందమ్మ సాయంత్రం వెళ్ళిపోయింది. చివరిదాకా వింటూనే ఉంది."

"ఆడమనిషా?" అన్నాడు శేషన్న.

ఆమె తలెత్తింది. "నువ్వేమనుకుంటివి?"

"రాసినారు, రాసినారు అంటివి కదా..."

"పెద్దామెను రాసింది అంటారా ఎవురైనా?"

అని, అతని ముఖంలోకి చూసింది. జేబు వైపు చూసింది. ఫోను ఎందుకు తీసుకెళ్ళాడో ఆమెకు అర్థమైంది. తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కొంగుతో కళ్ళు తుడుచుకుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ నొక్కసాగింది.

"పోయినాక రాస్తే యాడ ఇంటాదే?" అన్నాడు, మెత్తగా.

ఆమె నొక్కుతూనే ఉంది. శేషన్న కళ్ళజోడు పెట్టుకుని ఆమె భుజం మీదుగా కూడబలుక్కుని చదివాడు. 'అమ్మా, మీ గ్లాసు నాకు బాగా తెలుసు.'

అంతే రాసింది.

పోయినది ముసలామె అని తెలిసినా అతని గుండెలో మంట ఆరలేదు. తను పోతే పార్వతి ఏడుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ తన గురించి ఇలాంటి మాట ఒకటి రాయగలదా? తెలియడానికి తను ఏం చెప్పాడని?

"పార్వతీ," అన్నాడు.

"ఊఁ."

"పొద్దున నీ ముక్కుపుడక మీద దూదిపోగు వాలింది."

ఆమె ముక్కు తడుముకుంది. అక్కడేమీ లేదు.

"పాతవి ఉంటాయి కదా, మొదట్నుంచి సదువు. ఇంటా," అన్నాడు.

"ఈపొద్దు గొంతు రాదప్పా." ఆమె ఫోను మళ్ళీ బియ్యం డబ్బాకు ఆనించి, వంటింట్లోకి వెళ్ళింది.

రాట్నం మీద పూలపొట్లం విప్పకుండానే ఉంది. ఫోను తెర ఇంకా వెలుగుతోంది. అందులో ఉరుకుందమ్మ బిడ్డ పెట్టిన బొమ్మ ఒకటే. గడప మీద ఖాళీ గ్లాసు, ఎవరూ కూర్చోని వైపుకు ఒరిగి ఉంది.