తుక్కు దొడ్డి దగ్గర అడ్డుపడ్డ జనం

గని నుంచి దిగుతున్న లారీ మలుపు దగ్గర ఆగలేదు. అందులో పలకరాళ్ల మీద కూర్చున్న కూలీలు కేకలు వేసేలోపే వాగులోకి బోల్తా కొట్టింది. రాళ్ల కింది నుంచి బయటికి లాగేసరికి అలివేలమ్మకు ఊపిరి లేదు. ఆమెతో జోడీగా రాళ్లు మోసే అన్నమ్మ ఆమె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడే వచ్చిన కంట్రాక్టరు చంద్రశేఖరరావు మేస్త్రీని అడిగాడు.

"రాయి ఎంత పగిలిపోయింది?"

మర్నాడు డ్రైవరు నాగులును పోలీసులు పట్టుకుపోయారు. తాగి నడిపాడని కేసు. నాగులు కల్లు ముట్టడని మార్కాపురమంతా తెలుసు.

అలివేలమ్మను పూడ్చి వచ్చాక, కంట్రాక్టరు లారీలు బాగుచేసే శాంతయ్య అన్నమ్మ గుడిసె ముందు కూలబడ్డాడు.

"బ్రేకులు అరిగినాయి, కొత్తవి తెప్పించమని కంట్రాక్టరుకు చెప్పినా అక్కా. మద్రాసు నుంచి ఎప్పుడొస్తాయి, తుక్కు దొడ్డిలో ఎతుక్కోపో అన్నాడు. యుద్ధంలో నలిగిన లారీల్లో గట్టిదేముంటాది? ఉన్నంతలో మేలైంది ఏరి బిగించినా. రేపు ఇంకో లారీకి ఎతకమంటాండాడు."

"పోతావా?"

"నేను కాదంటే ఇంకొకణ్ని పిలుస్తాడు."

"ఆ ఇంకొకడూ మనోడే గదరా," అంటూ అన్నమ్మ లేచింది.

ఆమె పిలిస్తే గుడిసెల జనమంతా చేరారు. పని ఆపి తుక్కు దొడ్డికి అడ్డం కూర్చుందామన్నది. ముసలి పోలయ్య అడ్డం తిరిగాడు.

"పనాపితే పిల్లోళ్లకు సంగటెవరు పెడతారు?"

"అలివేలమ్మ పిల్లోళ్లకు ఇప్పుడెవరు పెడతాండారు మామా?" అని అడిగింది పక్క గుడిసె లీదియా.

తెల్లారి అందరూ ఊరి బయటి దొడ్డికి నడిచారు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన లారీలు అక్కడ చక్రాలు లేక, తుప్పు పట్టి, మట్టిలో దిగబడి ఉన్నాయి. శాంతయ్య బోల్టులు విప్పే పానాలు కింద పెట్టాడు. జనం గేటుకు అడ్డంగా కూర్చున్నారు.

కంట్రాక్టరు పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు.

"చావు ఖర్చులకిచ్చినా గదా. ఇంకేంది మీ గోల?"

"నాగుల్ని ఇడిపించాల. కొత్త బ్రేకులు ఏసేదాకా నీ లారీ ఎక్కం. ఈడ నుంచి పాత సామాను కదలనీయం," అన్నది అన్నమ్మ.

లాఠీలు లేచాయి. శాంతయ్య నుదురు చిట్లింది. అన్నమ్మను జుట్టు పట్టి ఈడ్చారు. ఇద్దరినీ ఒకే తాడుకు కట్టి ఊళ్లోకి నడిపించారు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

అంతలో దొడ్డి లోపల రేకులు చప్పుడయ్యాయి. జనం పారిపోలేదు. తుక్కు లారీలన్నీ ఎక్కి కూర్చున్నారు. ఒకరిని కిందికి లాగితే మరొకరు ఎక్కుతున్నారు. ఒక లారీ డ్రైవరు సీటులో పోలయ్య రెండు చేతులా స్టీరింగు పట్టుకుని ఉన్నాడు.

"మేం ఈడనే ఉంటాం, నువ్వు పోయిరా బిడ్డా," అని అరిచాడు.

కానిస్టేబులు తాడు లాగాడు. అన్నమ్మ కదల్లేదు. ఎదురుగా దారి నిండా పక్క గనుల కూలీలు, గడ్డపారలు భుజాన వేసుకుని, దొడ్డి వైపే వస్తున్నారు.