దొరకని పిల్ల కుట్టిన బంతి

నేను ఒక ఫుట్‌బాల్‌ని. ముప్పై రెండు ముక్కలు, నడుమ ఒక రబ్బరు తిత్తి, అంతే నా ఆస్తి. అందరూ నేను ఫ్యాక్టరీలో పుట్టాననుకుంటారు. కాదు, దూదేకుల వీధిలో దస్తగిరమ్మ గడప మీద పుట్టాను. ఫ్యాక్టరీవాళ్లు ముక్కలు పంపితే, ఇళ్లలో ఆడవాళ్లు కుట్టి ఇస్తారు.

మమ్మల్ని తిరగేసి లోపలివైపు కుడతారు. కడపటి కుట్టు మాత్రం పైనుంచి వెయ్యాలి, ముడి లోపలికి పోయి దాక్కోవాలి. దస్తగిరమ్మ కళ్లకు పొర కమ్మడంతో ఆ పని ఆమె కూతురు మాబున్నికి పడింది. దానికి పదకొండేళ్లు. మైనం దారం లాగిలాగి వేళ్లు కోసుకుపోయాయి. బడిలో పేరుండేది, పిల్ల ఇంట్లో ఉండేది.

పిల్లలతో కుట్టించకూడదని సర్కారు గట్టిగా పట్టుకుంది. నాకెంత సంతోషమైందో! కానీ మన దగ్గర తనిఖీ కన్నా తనిఖీ కబురు ముందు నడుస్తుంది. దస్తగిరమ్మ కూతురి పది వేళ్లకూ గోరింటాకు పెట్టింది. కోతలన్నీ ఆ ఎరుపులో కలిసిపోయాయి. తను నన్ను ఒళ్లో పెట్టుకుని, కానరాని కన్నాల్లో సూది గుచ్చుతున్నట్టు నటిస్తూ కూర్చుంది.

"ఏం పాపా, ఏం పండగ?" అంది వచ్చిన అధికారిణి.

"ఊరికే పెట్టుకుంటినక్కా" అంది మాబున్ని.

"పనిచేసే పిల్లలు లేరు" అని రాసుకుని ఆమె వెళ్లిపోయింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. రెండిళ్ల అవతల రహమత్‌బీ అనే పిల్లను సూదితో సహా పట్టుకున్నారు. ఆ ఇంట్లో ఒకటే ఏడుపు. దస్తగిరమ్మ గండం గడిచిందనుకుంది.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. ఆ వీధిలో మాత్రం సామెత తిరగబడింది. దొరికిన రహమత్‌బీని హాస్టలు బడిలో చేర్చారు. ఫ్యాక్టరీవాళ్లు ఆ బడికే నన్ను కానుకగా పంపారు. ఆ పిల్ల ఒళ్లు చేసి, నవ్వుతూ నన్ను తంతుంటే దెబ్బ కూడా తియ్యగానే ఉండేది.

ఒక ఆదివారం దస్తగిరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"దీన్ని గూడా చేర్చుకోండి మేడం."

వార్డెన్ జాబితా తిరగేసింది. "పనిచేసి దొరికిన పిల్లలకే సీట్లమ్మా. మీ పాప పని చెయ్యలేదని రాసుంది."

"చేసింది మేడం! నేనే దాసిపెడితిని. ఇప్పుడన్నా పట్టుకోండి."

"పట్టుకునేవాళ్లు వేరు. మళ్లీ ఎప్పుడొస్తారో!" అంది ఆవిడ నొచ్చుకుంటూ. ఆమె చెడ్డది కాదు. కాగితానికే కళ్లు లేవు.

అప్పుడే నేను దొర్లుకుంటూ గేటు దగ్గర మాబున్ని కాళ్లకు తగిలాను. చేతనైతే అక్కడే ఆగిపోయేదాన్ని.

"తన్నుమే, ఇటు తన్ను!" అని అరిచింది రహమత్‌బీ.

నాలాంటివాటిని ఎన్నింటినో కుట్టిన ఆ పిల్లకు తన్నడం రాదు. రెండు చేతులా ఎత్తి నన్ను లోపలివాళ్లకు అందించి, అమ్మ వెంట వెళ్లిపోయింది.