ఏడు మెలికల ముడి

ఆ నగరంలో పొగమంచు ప్రభుత్వానిది. ఆకాశం దాన్ని ఎప్పుడు రాసిచ్చిందని అడిగినవారు లేకపోలేదు. వారి కుళాయిలు మరునాటికే ఎండిపోయాయి. అందుకే మిద్దెల మీద వలలు కట్టి, మంచును బొట్టుబొట్టుగా పీపాల్లోకి దించి అమ్ముకునే కుటుంబం ఒకటి వర్ధిల్లింది. జనం వారిని దొంగలనేవారు. ఆ నీళ్లే తాగేవారు.

ఇంటికి పెద్ద తండ్రి. వలలు బాగుచేసేది పద్దెనిమిదేళ్ల కూతురు. వల కన్ను బిగించే ఏడు మెలికల ముడిని బయటివాళ్లకు నేర్పకూడదు. ముడి తెలిసినవాడు ఇంటివాడు; ఇంటివాడి మీద ఇంట్లో ఎవరూ చెయ్యెత్తరు. తండ్రి పాటించే చట్టం అదొక్కటే.

నీటిశాఖ తనిఖీదారుకు ఇరవై ఏళ్లు. రోజూ పొద్దున్నే వీధి మలుపులో అందరి వేళ్లూ పట్టి చూసేవాడు, తడికి ముడతలు పడ్డాయేమోనని. ఆమె వేళ్లకు ముడతలు లేని రోజు లేదు.

"అంట్లు తోమావా?"

"తోమాను."

"రోజూ ఇన్ని అంట్లా? మీ ఇంట్లో పెళ్లిళ్లేమైనా జరుగుతున్నాయా?"

"జరిగితే నిన్ను పిలవనా?"

పట్టుకున్న వేళ్లు వదలడం అతడు మరిచిపోయేవాడు. పాలలో కరుగుతున్న పసుపు చుక్కల్లా వీధిదీపాలు. ఆ రెండు చేతులు తప్ప లోకమంతా చెరిగిపోయినట్టుండేది. అది మంచు కలిగించే భ్రమేనని ఆమె తనకు తాను నచ్చజెప్పుకునేది. ఎండ కాసిన రోజున కూడా అలాగే ఎందుకుంటుందో మాత్రం అంతుపట్టలేదు.

ఒకనాడు అతడి కోటు గుండీ ఊడి వేలాడుతుంటే, సూదీ దారం తీసి అక్కడికక్కడే కుట్టింది. వేళ్లు తమకు అలవాటైన ముడే వేశాయి.

వారం తిరక్కుండా, గాలికి కొట్టుకుపోయిన వల ముక్క ఒకటి నీటిశాఖకు చిక్కింది. అలాంటి ముడి ఎక్కడైనా చూశారా అని తనిఖీదారులందరికీ చూపించారు. అతడు తన కోటు వంక చూసుకున్నాడు. ఇతరుల కళ్లు పడకముందే గుండీ తెంపుకుని ఆమె ఇంటి మిద్దె ఎక్కాడు.

అక్కడ ఆమె, తండ్రి, ఆ ఇంట్లోనే ఉండే మేనత్త కలిసి వలలు దించబోతున్నారు. అతడు అరచెయ్యి తెరిచాడు. దారంతో సహా గుండీ.

"ఇది ఇచ్చేసి పోదామని వచ్చాను. ఇంకెవరూ చూళ్లేదు."

తండ్రి వల తాడును చేతికి చుట్టుకున్నాడు. "నువ్వు చూశావుగా బాబూ," అన్నాడు మెత్తగా.

ఆ గొంతు ఆమెకు తెలుసు. ఆ మెత్తదనం విన్నాక ఈ మెట్లు దిగని వాళ్లు ఇద్దరున్నారు.

"అల్లుడి కళ ఉందిరా తమ్ముడూ," అంది మేనత్త, "గుండీ లేకపోయినా."

"నువ్వూరుకో అక్కా."

ఆమె కొత్త దారం తీసి నేల మీద కూర్చుంది. "ఇలా రా," అంది అతడితో. "మొదటి మెలిక బొటనవేలి మీదుగా."

"అమ్మడూ, ఆపు," అన్నాడు తండ్రి.

ఆమె ఆపలేదు. రెండు. మూడు. అతడివి మొద్దు వేళ్లు, నాలుగోది జారిపోయింది. మళ్లీ వేయించింది. తండ్రి ఓ అడుగు ముందుకేశాడు. మేనత్త తాపీగా పీట లాక్కొచ్చి సరిగ్గా మధ్యలో వేసుకుని కూర్చుంది. "నా మోకాళ్లు నొప్పిరా, లెమ్మనకు."

ఏడోది బిగిసింది.

తండ్రి వంగి ముడిని గోటితో లాగి చూశాడు. ఊడలేదు. ఇంకాస్త బలంగా లాగాడు. అయినా ఊడలేదు. చివరికి చేతికి చుట్టిన తాడు విప్పి, దాని కొస అతడికి అందించాడు.

"ఎండ రాకముందే దించాలి. గట్టిగా పట్టుకో."