తొడుగు కింద పాత పేరు

టేకులపల్లిలో రిపేరు షాపు నడిపే అక్సా బాగుచేసిన ఆక్సిజన్ మిషన్ మూడో రోజే ఆగిపోయింది. దాని మీదే బతుకుతున్న భీమక్క ఊపిరాడక గిలగిలలాడితే, కూతురు దుర్గ ఆమెను ఆటోలో దవాఖానాకు తీసుకుపోయింది. ఎలాగో ప్రాణం నిలిచింది.

అక్సా మిషన్ విప్పింది. మోటారు తిరగడానికి తాను వేసిన కొత్త కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంది. దాని ప్లాస్టిక్ తొడుగును బ్లేడుతో కోస్తే, కింద మరో కంపెనీ పేరు, పన్నెండేళ్ల కిందటి తేదీ కనిపించాయి.

వెంటనే బస్సెక్కి ఖమ్మం వెళ్లి, దాన్ని తనకు అమ్మిన డీలర్ బల్ల మీద విసిరికొట్టింది.

"ఏందిది?"

"మాకు పైనుంచి గట్లనే వస్తయమ్మా. ఇంకోటి తీస్కపో," అన్నాడు డీలర్.

అక్సా అదే డబ్బాలోంచి మరొకటి తీసి అందరి ముందూ కోసింది. అదీ పాతదే. కొనడానికి వచ్చిన మెకానిక్కులు కూడా తమ చేతుల్లోవి కోసి చూసుకోసాగారు. డీలర్ షట్టర్ దించబోతే వాళ్లు అడ్డం నిలబడ్డారు.

"మనిషి పానం నిలబెట్టే మిషన్ల పెట్టిన దీన్ని! నీ తల్లికైతే పెడ్తవా?" అని అరిచింది అక్సా.

సాయంత్రం దవాఖానాలో దుర్గకు జరిగిందంతా చెప్పింది.

"వాడు దొంగ, సరే. బిగించే ముందు నువ్వెందుకు చూడలే?" అని దుర్గ మండిపడింది.

"అవ్, చూడాల్సింది. తప్పు నాది గూడ," అంది అక్సా.