కత్తితో కోసే సూపు

నేను ఉల్లిపాయలు తరుగుతుండగా ఫోను మోగింది. ఫోటోలు అమ్మే సైటు నుంచి జవాబు. “మీ ఫోటోని తిరస్కరించాం. కారణం: సూపు అని రాశారు. ఫోటోలో సూపు కనిపించడం లేదు.”

కనిపించదు. మా పరాగ్వేలో సూపు అంటే మొక్కజొన్న పిండి, ఉల్లిపాయలు, చీజ్, గుడ్లు, పాలు కలిపి ఓవెన్‌లో కాల్చిన దిమ్మ. కత్తితో కోసి, చేత్తో పట్టుకుని తింటాం. పేరు మాత్రం సోపా, అంటే సూపే. ఎప్పుడో ఒక వంటమనిషి సూపులో పిండి ఎక్కువ వేసేసిందనీ, పారబొయ్యడానికి భయపడి దాన్ని కాల్చిందనీ, తిన్న పెద్దమనిషి మెచ్చుకున్నాడనీ చెప్తారు. ఆ వంటకి దేశం పేరు పెట్టి ‘పరాగ్వే సూపు’ అన్నారు. వంటమనిషి పేరు ఎవరికీ తెలియదు.

ఇదంతా వివరించి సైటు పరిశీలకుడికి రాశాను. ఆయన ఏ దేశంలో ఉంటాడో తెలియదు. పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. రెండో రోజు జవాబు వచ్చింది: “ద్రవం లేదు.” కేకు అని మార్చాను. “కేకులో ఉల్లిపాయ ఉంది.” రొట్టె అని మార్చాను. అప్పుడు నా భుజం మీంచి మా అత్తయ్య ఫోనులోకి చూసింది. ఊరంతా న్యా సిన్ఫో, అంటే సిన్ఫో అమ్మగారు, అని పిలిచే మనిషి ఆవిడ.

“రొట్టెనా? నా వంటింట్లో నిలబడి సోపాని రొట్టె అంటావా సునీల్దా? మీ అమ్మకి తెలుసా ఇది?”

చివరికి ‘గడ్డకట్టిన సూపు’ అని రాస్తే ఒప్పుకున్నారు. మూడు వారాలకి అది మొదటిసారి అమ్ముడుపోయింది. ఎక్కడ వాడారా అని వెతికితే ఒక విదేశీ వంటల పత్రికలో దొరికింది. ‘వంటలో అందరూ చేసే పది తప్పులు’ అని శీర్షిక. నాది నాలుగో తప్పు.

ఈ పని మా అమ్మాయి వదిలేసిన ఫోనుతో మొదలుపెట్టాను. ఫోనుకి ఒక మూల పగిలింది, కెమెరా పగల్లేదు. ఇంట్లో ఏముంటే అదే తీశాను. చీపురు, తీగ మీద దుప్పట్లు, నానబెట్టిన చిక్కుడు గింజలు, పేర్చిన గిన్నెలు. పంతొమ్మిదేళ్ళుగా ఈ వాకిలి ఊడుస్తున్నాను, వాకిలి శుభ్రంగా ఉందని ఎవరూ ఒక్కసారి అనలేదు. చీపురు ఫోటోని మాత్రం ఆర్నెల్లలో నలభై మంది కొన్నారు. అందులో ఒకటి విడాకుల లాయర్ల ఆఫీసు. అత్తయ్య ఫోటో కూడా తీశాను. చెంప మీద చెయ్యి పెట్టుకుని, పాలవాడు నీళ్ళు కలిపాడని ఆలోచిస్తున్నప్పటి ఫోటో. దాన్ని ఒక పళ్ళ ఆసుపత్రి కొనుక్కుని, కింద ‘నొప్పిని ఎన్నాళ్ళు భరిస్తారు?’ అని రాసుకుంది. చూపించాను. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

“నా పళ్ళు పోయి పదకొండేళ్ళయింది. వాళ్ళకి చెప్పలేదా?”

“అడగలేదు అత్తయ్యా.”

“ఫోటో మాత్రం బాగుంది,” అంది. తర్వాత ఇరుగుపొరుగు అందరికీ చూపించమని నా ఫోను రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుంది.

కష్టం ఎక్కడంటే, వంటింటి కిటికీలోంచి పనికొచ్చే వెలుగు ఆరూ ఇరవై నుంచి ఏడు దాకానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో అందరికీ అన్నీ కావాలి. మావారు డెర్లిస్ మున్సిపాలిటీలో బండి లైసెన్సుల దగ్గర పని చేస్తాడు. తొందరగా వెళ్ళాల్సిన రోజున అతని సాక్సులు ఆ వెలుగులోనే పోతాయి. నేను ఫ్రేము సర్దుకుని, ఊపిరి బిగబట్టి మీట నొక్కబోతుంటే వెనక నుంచి “సునీ, నల్లవి ఎక్కడ?” అని వినిపిస్తుంది. నల్లవి ఎప్పుడూ రెండో అరలోనే ఉంటాయి. రెండో అర కూడా ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది.

అకౌంటు డెర్లిస్ పేరున ఉంది. మొదట్లో సైటు గుర్తింపు కార్డు అడిగింది. నా కార్డు గడువు తీరి ఆరేళ్ళయింది. బ్యాంకుకీ ఆఫీసుకీ వెళ్ళేది అతనే కాబట్టి నాకు దానితో అవసరం పడలేదు. “నా కార్డు పెట్టెయ్. ఒకే ఇల్లు కదా, ఎవరి పేరైతే ఏంటి?” అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. అప్పటి నుంచి ప్రతి ఫోటో కింద చిన్న అక్షరాల్లో ‘డెర్లిస్ ఓవెలార్’ అని పడుతోంది. మొదటి నెలల్లో నేను దాన్ని పట్టించుకోలేదు. తర్వాత, పేజీ తెరవగానే నా కళ్ళు ముందు అక్కడికే పోవడం గమనించాను. ఒకసారి ఆ పేరు మీద వేలు పెట్టి, అది లేకుండా ఫోటో ఎలా ఉంటుందో చూశాను.

ఆ తర్వాత వీడియో తీశాను. నలభై సెకన్లు: వేడి సోపాని కోసి, ముక్కని రెండుగా విరిస్తే ఆవిరి లేస్తుంది. దాని కోసం పదకొండుసార్లు సోపా చేశాను. ఆవిరి ఒక్కసారే వస్తుంది, మళ్ళీ కావాలంటే మళ్ళీ కాల్చాలి. మూడోసారి సాక్సులు. ఐదోసారి పక్కింటి కోడి కిటికీ ఎక్కింది. ఏడోసారి అన్నీ కుదిరాయి, ఆవిరి లేస్తుండగా అత్తయ్య చెయ్యి ఫ్రేములోకి వచ్చి ఒక ముక్క తీసుకుని వెళ్ళిపోయింది. రెండు వారాలు ఇల్లంతా పొద్దున సోపా, మధ్యాహ్నం సోపా. డెర్లిస్ ఆఫీసుకి కూడా పట్టుకెళ్ళాడు. “మా ఆవిడకి ఈ మధ్య పిచ్చి పట్టింది” అని చెప్పి పంచిపెట్టాడట. పదకొండోసారి కుదిరింది.

ఆ వీడియోని ఒక విమాన సంస్థ కొనుక్కుని, సీట్ల ముందుండే తెరల మీద వేసింది. కింద పేరుతో సహా. లైసెన్సు కోసం వచ్చిన ఒకాయన విమానంలో అది చూసి డెర్లిస్‌కి చెప్పాడు. డెర్లిస్ ఆఫీసులో అందరికీ చెప్పాడు. మంగళవారం పదింటికి మా ఊరి కారపెగ్వా ఎఫ్ఎమ్ రేడియో వాళ్ళు అతన్ని పిలిచారు.

నేను, అత్తయ్య వంటింట్లో విన్నాం.

“మన సోపాని ఆకాశానికి ఎక్కించిన కళాకారుడు మన ఊరివాడే!” అని మొదలుపెట్టాడు అనిబాల్. ఆ కార్యక్రమం నడిపేది అతనే. “చెప్పు గురూ, ఆ ఆలోచన ఎలా వచ్చింది?”

“అది లోపలి నుంచి వస్తుంది అనిబాల్. నాకు చిన్నప్పటి నుంచీ గమనించే అలవాటు.”

అత్తయ్య సౌండు పెంచింది.

“ఆ వెలుగు ఎలా పట్టావయ్యా?”

“పొద్దుటి వెలుగది. నేను రోజూ దాని కోసమే లేస్తాను.”

మామూలు రోజుల్లో డెర్లిస్ ఏడుంబావుకి లేస్తాడు. మూడుసార్లు పిలిస్తే.

“ఆ చేతులెవరివి? భలే పనిమంతురాలి చేతుల్లా ఉన్నాయి.”

“మోడల్‌వి.”

“ఓహో, మోడల్! ఎంత తీసుకుంటుందేంటి?”

“ఏమీ అడగదు. సర్దుకుపోయే మనిషి.”

నా చేతుల నిండా అప్పుడు పిండి ఉంది. రేడియో కట్టేద్దామనుకున్నాను. కట్టేస్తే మీటకి పిండి అంటుతుంది, మళ్ళీ తుడవాల్సింది నేనే. అందుకని విన్నాను.

“వింటున్న అక్కచెల్లెళ్ళకి సోపా ఎలా చెయ్యాలో రెండు ముక్కల్లో చెప్పు మరి.”

రేడియోలో గొంతు సవరించుకోవడం వినిపించింది. “ముందు నీళ్ళు మరగబెట్టాలి,” అన్నాడు డెర్లిస్.

అత్తయ్య నా వైపు తిరిగింది. “నీళ్ళా?” అంది. “వీణ్ణి నేనేనా కన్నది?” నా పిండి చేతుల వైపు చూసి, తనే ఫోను తీసుకుని రేడియోకి కలిపింది.

“న్యా సిన్ఫో గారు లైన్లో ఉన్నారు! అమ్మగారూ, కొడుకు గురించి రెండు మాటలు...”

“నీళ్ళు పొయ్యరు నాయనా. పాలు పోస్తారు. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ నీళ్ళు పొయ్యలేదు. ఊరంతా వింటోంది కాబట్టి చెప్తున్నా. వీడికి మా ఇంట్లో పొయ్యి ఏ గదిలో ఉందో తెలియదు.”

“మరి వీడియో ఎలా...”

“నీళ్ళు పొయ్యరు,” అని పెట్టేసింది.

ఇంకొక్క మాట అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. ఆవిడ లెక్కలో ప్రమాదం వచ్చింది సోపా పరువుకి. అది కాపాడేసింది, కూర్చుని తెరెరె, మా ఆకుల చల్లటి టీ, తాగుతోంది.

మధ్యాహ్నం డెర్లిస్ భోజనానికి వచ్చాడు. “విన్నావా? బాగానే వచ్చింది. అమ్మే కాస్త పాడు చేసింది.”

“మోడల్ అన్నావు.”

“మరేమనను? మా ఆవిడ అంటే ఏదో ఇంట్లో తీసుకున్న వీడియోలా ఉంటుంది.”

“ఇంట్లోనే తీశాం.”

“అదే కదా, వాళ్ళకి తెలియకూడదు.”

తీశాం అన్నాను. గిన్నెలు కడుగుతూ దాని గురించే ఆలోచించాను. తీశాను అనాల్సింది. నోటి దాకా తీశాను అనే వచ్చింది, పెదవుల దగ్గర తీశాం అయింది. అతను అబద్ధం చెప్పాడని నాకు కోపం వచ్చింది, కానీ అబద్ధానికి సగం నేనే సాయం పట్టాను. పదకొండు సోపాలలో అతను తిన్నవెన్నో చెప్పగలను. తీసిన సెకను ఒక్కటి కూడా లేదు. అయినా నా నోరు అతన్ని కలుపుకునే మాట్లాడింది, భోజనానికి పిలిచినట్టు.

బుధవారం గుర్తింపు కార్డుల ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి పాత కార్డు చూసి, “సునీల్దా బారెయిరో దె ఓవెలార్. అలాగే ఉంచమంటారా?” అంది. ‘దె’ అంటే ఫలానావారి అని. సైకిలు మీద పేరు రాసుకున్నట్టు ఉంటుంది.

“తీసెయ్యొచ్చా?”

“తీసెయ్యొచ్చు. విడిపోయారా?”

“లేదు. బారెయిరో దగ్గర ఆపెయ్యండి, చాలు.”

కొత్త కార్డు చేతికి రాగానే సైటులో కొత్త అకౌంటు తెరిచాను. ఫోటోలు సున్నా, అమ్మకాలు సున్నా. ప్రతి ఫోటోనీ మళ్ళీ మొదటి నుంచి ఆ నంబరు మనిషి ముందు పెట్టాలి. చీపురు కూడా. డెర్లిస్‌కి చెప్పలేదు. ఏమని చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తెలియలేదు.

ఆ అవసరం అతనే తెచ్చాడు. తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఒక కాగితం ప్రింటు తీసుకుని, దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక చీజ్ కంపెనీ ఆ వీడియోని పెద్ద ప్రకటనకి తీసుకుంటుందట. ఒక్కటే చిక్కు. ఎడమ మణికట్టు మీద మచ్చ ఉంది, దాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టొచ్చు, కాబట్టి మోడల్ సంతకంతో అంగీకార పత్రం కావాలంటున్నారు. పది రోజులు గడువు.

“ఇక్కడ పెట్టు,” అన్నాడు. వేలు పెట్టి చూపించాడు కూడా.

కాగితంలో మూడు గీతలున్నాయి. ఫోటోగ్రాఫర్ అన్నచోట అప్పటికే అతని సంతకం ఉంది. రెండోది మోడల్. మూడోది సాక్షి, అక్కడ వాళ్ళమ్మ పేరు రాసి తెచ్చాడు. నేను పైనుంచి చదవడం మొదలుపెట్టాను.

“చదివేదేముంది, అందరూ పెట్టేదే.”

‘నా రూపం మీద హక్కులన్నీ ఫోటోగ్రాఫర్‌కి ఇస్తున్నాను. ప్రపంచమంతటా. శాశ్వతంగా.’ పెళ్ళి రోజు చర్చిలో ఫాదర్ కూడా నాకు ఇంత వివరంగా చెప్పలేదు.

“ఈ మచ్చ ఎలా పడిందో చెప్పు, డెర్లిస్.”

అతను నా మణికట్టు వైపు చూశాడు. “ఓవెన్?” అన్నాడు. నా మొహం చూసి, “నూనె,” అన్నాడు. ఇంకాసేపటికి, “చిన్నప్పటిదేమో,” అన్నాడు.

“ఇస్త్రీపెట్టెరా,” అంది అత్తయ్య, చిక్కుడు గింజల్లోంచి తలెత్తకుండా. “నీ ఉద్యోగం ఇంటర్వ్యూ రోజు. రెండో చొక్కా కూడా ఇస్త్రీ చెయ్యమని తొందరపెట్టావు. కాలిన చేత్తోనే చేసింది.” ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. “నేను ఆ కాగితం మీద సంతకం పెట్టను. నా కళ్ళతో చూడనిదానికి సాక్ష్యం ఎలా చెప్పేది? వీడు కెమెరా పట్టుకోగా నేను చూడలేదు.”

“అమ్మా, అదేదో మామూలు కాగితం...”

“నేనూ పెట్టను,” అన్నాను. “మోడల్ ఒప్పుకోలేదని రాయి వాళ్ళకి.”

డెర్లిస్ కుర్చీలో కూర్చున్నాడు. “ఇదంతా ఆ రేడియో గురించేనా? సరే, తప్పయింది. కానీ సునీ, పది రోజులే ఉంది. పంతానికి పోయి ఇంటికొచ్చింది పోగొట్టుకుంటామా?”

“పోదు.”

అల్మరాలోంచి నా కొత్త కార్డూ, అదే అంగీకార పత్రం ఖాళీది ఒకటీ తీసుకొచ్చాను. కొత్త అకౌంటు తెరిచినప్పుడే సైటు నుంచి మార్కెట్లో జిరాక్సు షాపులో తీయించుకున్న పత్రం అది. పాత అకౌంటులోంచి ఆ వీడియోని తీసెయ్యమని చెప్పాను. నా పేరున తెరిచిన కొత్తదాంట్లో పెడతాను, కంపెనీకి అక్కడి నుంచి అమ్ముతాను అన్నాను. అతను నా కొత్త కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘ఓవెలార్’ కోసం వెతుకుతున్నాడని తెలుసు. అడగలేదు.

అతని ఎదురుగానే కలం తీసుకుని ఫోటోగ్రాఫర్ గీత మీద సునీల్దా బారెయిరో అని సంతకం పెట్టాను. మోడల్ గీత మీద మళ్ళీ అదే. నాకు నేను నా రూపాన్ని ప్రపంచమంతటా, శాశ్వతంగా ఇచ్చుకున్నాను. మూడో గీత మిగిలింది. మొదటి రెండిట్లో ఉన్నవాళ్ళు కాకుండా వేరే మనిషి సంతకం పెట్టాలని కింద నియమం ఉంది.

కాగితాన్ని అతని వైపు తిప్పి కలం చేతికిచ్చాను.

“సాక్షినా?” అన్నాడు డెర్లిస్. “దీంట్లో నేనేం చేశానని?”

“ఏమీ చెయ్యలేదు. పక్కన నిలబడి చూశావు. సాక్షి పని అదే.”