యెరికో చర్చకు మైకు కట్టినవాడు

రెండో మైకు హారను కొయ్యకు కట్టేసరికి అబ్దుల్ గఫూర్ ఎడమ భుజం పట్టేసింది. నిచ్చెన మీదే ఆగి, పంటి కింద పట్టుకున్న తాడు ముక్కను తీసి, చేతిని విదిలించి చూసుకున్నాడు. ఈ నొప్పి తెల్లవారి నమాజుకు లేచినప్పటి నుంచీ ఉంది. భుజం దగ్గర మొదలై మోచేతి దాకా పాకి, తిరిగి వచ్చి రొమ్ములో ఒక మూల కూర్చుంటోంది. బాక్సులు మోసే చేయి నొయ్యక ఏం చేస్తుందిలే అనుకుని హారను మూతిని జనం కూర్చునే వైపుకు తిప్పాడు.

కళ్యాణదుర్గంలో మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలం అది. ఏప్రిల్ ఎండకు నేల పెంకులా కాలుతోంది. గాలి లేచినప్పుడల్లా ఎక్కడిదో వేరుశెనగ పొట్టు వచ్చి షామియానా కింద కుర్చీల మీద పడుతోంది. వేదికకు కట్టిన ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలు: "యెరికో గోడలు కూలినాయా? తవ్వకాల్లో ఏం దొరికింది? బహిరంగ చర్చ." ఒక పక్క పాస్టరు ఉదయ్ కుమార్ బొమ్మ, ఇంకో పక్క చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన హరినాథ్ బొమ్మ. ఏడాదిగా ఇద్దరూ ఫోన్లలో వీడియోలు పెట్టుకుని ఒకరినొకరు కడిగేసుకుంటున్నారు. చివరికి లాయరు కేశవ మధ్యవర్తిగా నిలబడి, ఎదురెదురుగా తేల్చుకోండి అని రోజు పెట్టించాడు.

గఫూర్‌కు ఆ గొడవ తెలియదు. యెరికో అనేది ఏదో ఊరని మాత్రం ఫ్లెక్సీ కట్టేటప్పుడు అర్థమైంది.

నిచ్చెన దిగాడు. యాంప్లిఫయర్ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్న సెట్టు యజమాని ఓబిలేష్ దగ్గరికి వెళ్లాడు.

"నాకు పాణం బాగలేదప్పా. రొమ్ములో పట్టుకున్నెట్ల ఉండాది. వేరే ఎవురినన్నా పిలిపిస్తావా?" మామూలుగా అడిగాననుకున్నాడు గానీ, ఆ మాట వేదిక అవతల కుర్చీలు వేస్తున్నవాళ్లకు కూడా వినబడింది. వాళ్లు తలెత్తి నవ్వారు.

"ఊరంతా ఇనాల్నా ఏంది? మెల్లగా చెప్పు" అన్నాడు ఓబిలేష్. "ఈ పొద్దు మనోళ్లు ముగ్గురూ పెండ్లిళ్ల పనికి పోయినారు. ఎవుర్ని పిలుస్తా? సాయంత్రానికి అయిపోతాది, ఓర్చుకో."

గఫూర్ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. ఓబిలేష్‌ను ఏమని పిలవాలో అతనికి తెలియక చాలాకాలమైంది. బాక్సులు మోసే పనికి వచ్చినప్పుడు వాడు "గఫూరన్నా" అని వెనకవెనకే తిరిగేవాడు. వైరు ఎట్లా చుట్టాలో, హారను ఏ వైపు తిప్పితే ఈల రాదో, వోల్టేజీ తక్కువైతే ఏం చెయ్యాలో గఫూరే నేర్పించాడు. ఒక వేసవిలో కరెంటు ఎక్కువై గఫూర్ సొంత సెట్టు కాలిపోయింది. ఆ ఏడాదే ఓబిలేష్ కొత్త సెట్టు కొని, బోర్డు కట్టి, తన దగ్గర పనికి రమ్మన్నాడు. మొదట్లో "గఫూరన్నా" అనే పిలిచాడు. తర్వాత "గఫూరూ" అయింది. ఇప్పుడు వేరేవాళ్లతో చెప్పేటప్పుడు "మా చెవిటోడు" అంటాడు.

చెవులు ఒక్కసారిగా పోలేదు. యాడికి ఊరి నుంచి సైకిలు మీద సెట్టు కట్టుకుని ఊరూరా తిరిగిన వయసులో హారన్ల కిందనే నిద్రపోయేవాడు. పెండ్లిళ్లు, ఉరుసులు, జాతరలు, ఎలక్షన్లు, సువార్త సభలు. ఎవరి గొంతయినా సరే, దాన్ని నాలుగు వీధులకు మోసుకుపోవడమే అతని పని. కుడిచెవి ముందు పోయింది, ఎడమది సగం మిగిలింది. తన గొంతు మాత్రం ఇన్నేండ్లలో "హలో, హలో, వన్ టూ త్రీ" దాటి మైకులోకి వెళ్లలేదు. ఆ పైన మాట్లాడేవాళ్లు ఎప్పుడూ వేరే ఉండేవారు.

"నీ చెవులు మైకు తినేసింది, ఇంక నిన్నెప్పుడు తింటాదో" అంటుంది భార్య హలీమాబీ. ఆ మాట కూడా అరిచి చెబితేనే అతనికి చేరుతుంది.

పదకొండు దాటాక సభ మొదలైంది. కుర్చీలు నిండి, వెనక నిలబడ్డారు. ముందు వరసల్లో ఎడమ వైపు తెల్ల చొక్కాల పాస్టరు మనుషులు, కుడి వైపు హరినాథ్ మిత్రులు. గఫూర్ వేదిక వెనక, పెద్ద స్పీకరు బాక్సుకు వీపు ఆనించి కూర్చున్నాడు. అట్లా కూర్చుంటే మాటలు చెవికి అందకపోయినా వీపుకు తెలుస్తాయి. గొంతు హెచ్చిందా, తగ్గిందా, ఈల రాబోతోందా, అంతా వెన్నులోకే వస్తుంది.

ముందు పాస్టరు లేచాడు.

"నేను పోయినా. ఆ యెరికో దిబ్బ మీద నా కాళ్లతో నిలబడినా" అన్నాడు. "కాలిన ఇండ్లు బయటపడినాయి. కుండల్లో గింజలు దొరికినాయి, నిండా గింజలు, మాడి బొగ్గయినాయి. నెలల తరబడి ముట్టడి జరిగింటే ఊర్లోవాళ్లు ఆ గింజలు తినకుండా ఉంటారా? కుండలు నిండా ఉండాయంటే ఊరు గబుక్కున పడిపోయింది. యెహోషువ జనం కేకలేసిన పొద్దే గోడలు కూలినాయని బైబిలు గ్రంథంలో ఉండేదీ అదే!"

చప్పట్లు. గఫూర్ ఎడమచెవిని వేదిక వైపు తిప్పాడు. నిండు కుండల మాట అతనికి స్పష్టంగా వినిపించింది. తన చిన్నప్పటి కరువులో ఇంట్లో కుండలన్నీ బోర్లించి ఉండేవి. వాటి మీద కోళ్లు ఎక్కి నిద్రపోయేవి. అమ్మ ఎక్కడినుంచో పిడికెడు కొర్రలు తెస్తే ఒక కుండ తిరగేసేవాళ్లు. కుండ నిండా గింజలుండగా మనుషులు చచ్చిపోవడం అతనికి ఊహకు అందలేదు.

"కుండల్లో గింజలు అట్లే వదిలి పోయినారంట" అన్నాడు ఓబిలేష్ వైపు వంగి. "మరి ఆ జనం ఏమైనారంట?"

"నీకెందుకప్పా ఆ జనం? ఈల వస్తాండాది, చూడు."

హరినాథ్ వంతు వచ్చింది. ఆయన గొంతు సన్నం, తొందర ఎక్కువ. "గోడ పడింది, నేను కాదంటానా? ఎప్పుడు పడింది అనేది మాట. ముందు ఒకాయన తవ్వి ఇది యెహోషువ కాలందే అన్నాడు. ఇరవై ఏండ్లకు ఇంకొకామె తవ్వి, మట్టిపెంకులు పరీక్ష చేసి, ఆ గోడ అంతకు వందల ఏండ్ల ముందే పడిందని తేల్చింది. యెహోషువ వచ్చేనాటికి ఆడ కూలేదానికి కోటే లేదు!"

కుడి వైపు ఈలలు. ఆయన సమయం అయిపోయింది, గంట కొట్టారు. హరినాథ్ ఆగలేదు. కేశవ వెనక్కి తిరిగి మైకు కొయ్యమని చేత్తో సైగ చేశాడు. గఫూర్ మీట నొక్కాడు.

"ఎవురు కొయ్యమన్నారా సాయిబూ?" అని కుడి వైపు నుంచి ఒకడు లేచాడు. కేశవ తల వంచుకుని తన కాగితాలు సర్దుకున్నాడు.

మధ్యాహ్నం అన్నాల తర్వాత రెండో విడత. గఫూర్ విస్తరి ముందు కూర్చుని లేచాడు గానీ ముద్ద దిగలేదు. చెమట చల్లగా పడుతోంది. పాస్టరు మళ్లీ లేచి, కాలిన గింజల వయసు మీద పండితులకే ఒక మాట లేదని చెబుతూ గొంతు పెంచాడు. జనం బాగా చూడాలని కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఎవరి కుర్చీ కాలో వేదిక పక్కగా వెనక్కి పోయే మైకు వైరు అతుకు మీద పడింది. "మిత్రులారా, రాళ్లే సాక్ష్యం పలుకుతా..." అన్నాడు పాస్టరు. ఆ తర్వాత ఆయన నోరు కదిలింది, శబ్దం లేదు.

కుడి వైపు పగలబడి నవ్వారు. ఎడమ వైపు నుంచి తెల్ల చొక్కా కుర్రవాళ్లు వేదిక వెనక్కి దూసుకొచ్చారు. వంగి వైరు వెతుకుతున్న గఫూర్‌ను ఒకడు మెడ పట్టి లేపాడు.

"కావాలనే కోసినావు కదరా!"

అతను ఏమన్నాడో గఫూర్‌కు వినబడలేదు. ఎడమచెవి వైపు తిప్పి, "ఏమన్నా?" అన్నాడు. ఆ చెవి మీదే చెంపదెబ్బ పడింది. తలలో ఒక ఈల మొదలైంది, మైకు ఈల లాంటిదే. కొట్టినవాడు మళ్లీ చెయ్యి ఎత్తాడు. ఓబిలేష్ మధ్యలోకి వచ్చి, గఫూర్ భుజం పట్టుకుని వేదిక మీదికి లాగాడు. ఇంకో వైరుతో మైకు చేతికిచ్చాడు.

"తప్పయిందని చెప్పు. చెప్పకపోతే నా సెట్టు పగలగొడతారు."

గఫూర్ మైకు వైపు చూశాడు. "హలో" అన్నాడు అలవాటుగా. ఎవరో కిసుక్కుమన్నారు. "తప్పయింది సామీ. నేను కొయ్యలా. అతుకు తెగింది." తనకు వినబడేంత గట్టిగా చెప్పాడు. హారన్లు దద్దరిల్లి కీచుమన్నాయి. ముందు వరసలవాళ్లు చెవులు మూసుకున్నారు. తర్వాత అందరూ నవ్వారు, ఎడమ వైపూ కుడి వైపూ.

"పోనీలే, చెవిటాయన. మేము క్షమించినాం" అన్నాడు పాస్టరు పెద్దమనసుతో.

"దేవుడే కోసినాడేమో పాస్టరు గారూ" అన్నాడు హరినాథ్.

పాస్టరు కూడా నవ్వాడు. పొద్దున్నుంచి ఆ ఇద్దరూ ఒక మాట మీద నవ్వడం అదే మొదటిసారి.

గఫూర్ చేతికిచ్చిన మైకు వైరు పొట్టిది, వేదిక ముందున్న చర్చ బల్ల దాకా రాదు. పొడుగు వైరు కుందుర్పిలో పెండ్లికి పోయింది. తెగిన అతుకును ఓబిలేష్ మెలిపెట్టాడు గానీ రాగిపోగులు నలిగిపోయి నిలవడం లేదు. వేళ్లతో అదిమి పట్టుకుంటే మాత్రం శబ్దం వస్తోంది.

"పట్టుకోని కూచో" అన్నాడు.

"నొస్తాండాది. ఆస్పత్రికి పోయొస్తా."

"అయిపోయినాక పోదువులే. నువ్వు వదిలితే సౌండు పోతాది. మల్ల పోయిందంటే నేను అడ్డం రాను."

గఫూర్ బాక్సుకు వీపు ఆనించి, అతుకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అదిమి కూర్చున్నాడు. చెంపదెబ్బ తర్వాత ఎడమచెవిలో ఈల తప్ప మరేమీ లేదు. పాస్టరు ఏమంటున్నాడో, హరినాథ్ ఏమంటున్నాడో తెలియదు. వీపుకు మాత్రం అందుతోంది: లావుపాటి గొంతు, సన్నపాటి గొంతు, గంట, చప్పట్లు. రొమ్ములో మూల కూర్చున్న నొప్పి లేచి నిలబడింది. నీళ్లు తాగాలనిపించింది. బాటిలు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. చాపితే వేలు జారుతుందని ఊరుకున్నాడు. కాసేపటికి వీపుకు కూడా ఏమీ తెలియలేదు. వేళ్లలోనే కొంచెం బలం ఉంది. అదీ పోయింది.

"ఆ మట్టిపెంకులు..." అంటున్న హరినాథ్ గొంతు ఆగిపోయింది.

ఓబిలేష్ పండ్లు కొరుకుతూ వెనక్కి వచ్చి, కాలితో గఫూర్ తొడ మీద తన్నాడు. "నిద్రపోతాండావా?" గఫూర్ పక్కకు ఒరిగాడు. కండ్లు సగం తెరిచి ఉన్నాయి. ఓబిలేష్ వంగి ఆ కండ్లలోకి చూశాడు.

"ఏమైంది?" అని వేదిక మీంచి కేశవ అరిచాడు.

"ఏం లేదన్నా. సొమ్మసిల్లినాడు. ఒక్క నిమిషం."

అతుకు పంటితో కొరికి, రాగిపోగులు కొత్తగా లాగి, ముడివేశాడు. శబ్దం వచ్చింది, ఈసారి పోలేదు. తర్వాత ఒకరి సాయంతో గఫూర్‌ను షామియానా అంచు నీడకు జరిపాడు. ముఖాన నీళ్లు చల్లారు. 108కు ఫోను చేశారు. వండిపెట్టడానికి వచ్చినామె నాడి పట్టుకుని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లిపోయింది. ఎవరూ వేదిక మీదికి వెళ్లి చెప్పలేదు. చర్చ మంచి పట్టులో ఉంది.

అంతలో గఫూర్ జేబులో ఫోను మోగింది. వినబడదని చివరికంటా పెంచి పెట్టుకున్న మోత. వెనక వరసలవాళ్లు తిరిగి చూసి విసుక్కున్నారు. ఓబిలేష్ జేబులో చెయ్యి పెట్టి ఫోను తీశాడు. హలీమాబీ. ఎత్తి ఏం చెప్పాలో తెలియక, ఆపేసి, మళ్లీ ఆ జేబులోనే పెట్టాడు.

ఎండ దిగే వేళకు చర్చ ముగిసింది. సాక్ష్యాలు ఇరువైపులా బలంగానే ఉన్నాయని, ఇంకో సభలో తేల్చుకుందామని కేశవ చెప్పాడు. ఈసారి బైబిల్లో అగ్గికి కాలిన సొదొమ పట్నం ఎక్కడుందో చూద్దామని పాస్టరు అన్నాడు, సరేనని హరినాథ్ చెయ్యి కలిపాడు. ఇద్దరికీ శాలువాలు కప్పారు. 108 బండి అప్పటికి వచ్చింది. లోపలికి ఎక్కించినతను ముఖం చూసి, తొందరపడాల్సిన పని లేదన్నట్టు తలుపు మెల్లగా వేశాడు. ఓబిలేష్ వెంట వెళ్లలేదు. మరుసటి పొద్దున చిలమత్తూరులో సెట్టు కట్టాలి. హారన్లు దించి, వైర్లు చుట్టి, బాక్సులు ఎక్కించుకున్నాడు. షామియానావాళ్లు గుడ్డ విప్పి మడిచారు.

గఫూర్‌ను పడుకోబెట్టినప్పుడు తల కింద ఏదైనా పెట్టాలని ఎవరో దగ్గరలో కనబడిన ఇటుకను తెచ్చి పెట్టారు. అది ఖాళీ నేల మధ్యలో అట్లాగే ఉంది, మీద అరచేయంత తలనూనె మరక, దానికంటుకుని రెండు తెల్లవెంట్రుకలు.